ఏలీయా నిద్ర, అగస్టీను స్నానం

డిప్రెషన్‌కు మందులు వాడితే విశ్వాసం లేనట్టేనా అని అడిగేవారు మన విచారణల్లో చాలామంది ఉన్నారు.

ఏలీయా ప్రవక్తను తలచుకోండి. బదరీ వృక్షం క్రింద కూర్చుండి తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవదూత మందలించలేదు. లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. మన శ్రీసభ చాలాసార్లు ఈ బాటలోనే నడిచింది. తప్పిన రోజులూ ఉన్నాయి.

387లో తల్లి మోనికమ్మ చనిపోయినప్పుడు, స్నానం చేస్తే దుఃఖం పోతుందని విని పునీత అగస్టీను స్నానానికి వెళ్లాడు. పోలేదు. నిద్రపోయి లేచాక మాత్రం కొంత తేలికపడ్డానని తానే వ్రాసుకున్నాడు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు దుఃఖానికి ఉపశమనాలు చెబుతూ కన్నీటినీ, స్నేహితుల ఓదార్పునూ, సత్యధ్యానాన్నీ పేర్కొని, వాటి సరసన నిద్రను, స్నానాన్ని చేర్చాడు. అంతటి వేదాంతి స్నానం గురించి వ్రాయడమేమిటని నవ్వకండి. దేహం కుదుటపడితే మనసుకూ ఊరట అని ఆయన వాదం.

1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో పునీత లొయోలా ఇగ్నేషియస్‌ను, తన పాపాలన్నీ ఒప్పుకున్నానో లేదో అన్న బెంగ పీడించింది. చచ్చిపోవాలన్న తలంపు కూడా వచ్చింది. శాంతి కోసం వారం రోజులు ఏమీ తినలేదు. పాపసంకీర్తనం విన్న గురువు ఇంకా ఉపవాసం ఉండమన్నాడా? లేదు, భోంచేయమని ఆజ్ఞాపించాడు. ఆయన లోబడ్డాడు. రెండు రోజులు నెమ్మది. మూడోనాడు బెంగ తిరిగొచ్చింది. అసలు విడుదల ఆ తర్వాతగాని రాలేదు. ఒక్క ప్రార్థనతో, ఒక్క మాత్రతో ఎందుకు తగ్గలేదని రోగిని నిలదీసేవారు ఈ మూడోనాటిని గుర్తుంచుకోవాలి.

ఇక కఠినమైన పుట. 1917 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం, తెలిసి ఆత్మహత్య చేసుకున్నవారికి, పశ్చాత్తాప గుర్తు లేకుంటే, శ్రీసభ భూస్థాపనను నిరాకరించింది. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి అది రెండో దెబ్బ. 1983 ధర్మశాస్త్రంలో ఆ నిషేధం లేదు. 1992 నాటి సత్యోపదేశం, తీవ్రమైన మానసిక రుగ్మత మనిషి బాధ్యతను తగ్గిస్తుందని ఒప్పుకొని, అలా మరణించినవారి రక్షణ విషయంలో నిరాశపడవద్దనీ, శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుందనీ చెప్పింది.

2003 నవంబరులో డిప్రెషన్‌పై వాటికన్‌లో మహాసభ జరిగింది. అక్కడ 2వ జాన్ పాల్ పోపుగారు, ఈ జబ్బు ఎప్పుడూ ఆత్మీయ శోధన కూడా అన్నారు. అయితే ఆ శోధనలో రోగిని ఒంటరిగా వదలలేదు. చుట్టూ ఉన్నవారు చేయి చాచి, దేవుని వాత్సల్యం అతనికి తెలిసేలా చేసి, సంఘంలో చోటివ్వాలన్నారు.