పాటిగడ్డ సమాధి నుంచి నెక్లెస్ రోడ్డు ఘాట్ల దాకా

ఎన్టీఆర్ ఘాట్‌కు పోవాలంటే హైదరాబాద్‌లో ఏ ఆటో అయినా తీసుకెళ్తుంది. పీవీ ఘాట్ అన్నా దారి చూపిస్తారు. దామోదరం సంజీవయ్య సమాధి అని అడిగితే మాత్రం చాలామందికి గుర్తొచ్చేది ఆయన పేరున్న పార్కే. సమాధి ఆ దగ్గర్లోనే, సికింద్రాబాద్ వైపు పాటిగడ్డలో ఉంది. 1972 మే 7న సంజీవయ్య ఢిల్లీలో కన్నుమూశారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన. అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్ష పదవి చేపట్టిన తొలి దళితుడూ ఆయనే. ఎన్టీఆర్ ఘాట్ వెలవడానికి దాదాపు పాతికేళ్ల ముందే హుస్సేన్ సాగర్ దరిన ఒక ముఖ్యమంత్రికి సమాధి కట్టారన్న సంగతి ఈ జంటనగరాలు ఎందుకో పెద్దగా తలచుకోవు.

నాయకుణ్ణి ఎక్కడ మట్టి చేశారన్నది ఈ ఊళ్లో ఎప్పుడూ చిన్న విషయం కాదు. దాని మూలాలు గోల్కొండ కాలం దాకా పోతాయి. మహమ్మద్ కులీ కుతుబ్ షాకు పేష్వాగా ఉండి, చార్మినార్ చుట్టూ నగరం రూపుదిద్దుకోవడంలో ముందు నిలిచిన మీర్ మోమిన్ పాతబస్తీలో ఒక శ్మశానం ఏర్పాటు చేశాడు. అదే దాయిరా మీర్ మోమిన్. ఆయన గోరీ కూడా అక్కడే ఉంది. తర్వాత నిజాం దివాన్లు ఆ నేలనే కోరుకున్నారు. 1808లో పోయిన మీర్ ఆలం, 1883లో పోయిన మొదటి సాలార్ జంగ్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. పాయిగా అమీర్లకు సంతోష్‌నగర్ దగ్గర సున్నపు నగిషీలతో వేరే గోరీలున్నాయి. ఆ రోజుల్లో నాయకుడంటే వంశం, కాబట్టి గోరీ కూడా వంశం పక్కనే. ఎవరెక్కడ పడుకోవాలో ప్రభుత్వం నిర్ణయించే పద్ధతి అప్పటికి లేదు.

ఆ పద్ధతి ఢిల్లీ నుంచి వచ్చింది. 1948లో గాంధీజీకి యమున ఒడ్డున రాజ్‌ఘాట్ వెలిసింది. 1964లో నెహ్రూకు శాంతివనం, 1966లో శాస్త్రికి విజయ్ ఘాట్ దాని పక్కనే వచ్చాయి. 1969లో అన్నాదురైని మద్రాసు మెరీనా ఒడ్డున ఖననం చేశాక దక్షిణాదికీ ఆ దారి తెరుచుకుంది. నాయకుడు పోతే నీళ్లుండే చోట, జనం సాయంత్రాలు తిరిగే చోట, సర్కారు జాగాలో స్మారకం కట్టాలన్న ఆలోచన అక్కడి నుంచి పాకింది. మనకు సముద్రం లేదు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్వించిన హుస్సేన్ సాగర్ ఉంది. దానికి ఇటు సికింద్రాబాద్, అటు హైదరాబాద్.

అయితే 1972లో కూడా ఇదింకా ఆనవాయితీ కాలేదు. అంతకు మూడేళ్ల ముందు, 1969 ఆగస్టు 25న, మఖ్దూం మొహియుద్దీన్ పోయాడు. తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు, హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, శాసనమండలిలో ప్రతిపక్ష నేత, అన్నిటికీ మించి పెద్ద కవి. అంతటి మనిషిని నాంపల్లిలో షా ఖామోష్ దర్గా కబ్రస్తాన్‌లో, మామూలు జనం మధ్యే మట్టి చేశారు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం తర్వాతెప్పుడో వచ్చింది. మఖ్దూంకు ఆ చోటే తగినదని నాకనిపిస్తుంది. ఎవరి కోసం పాడాడో వాళ్ల పక్కనే ఉన్నాడు.

ఈ కథ మలుపు తిరిగింది 1996లో. జనవరి 18న ఎన్టీ రామారావు పోయారు. జూన్ 1న నీలం సంజీవరెడ్డి పోయారు. డిసెంబరు 2న, తమిళనాడు గవర్నర్‌గా ఉండగానే, మర్రి చెన్నారెడ్డి పోయారు. ఒకే ఏడాదిలో ముగ్గురు మాజీ ముఖ్యమంత్రులు, ముగ్గురికీ మూడు రకాల చోట్లు. ఎన్టీఆర్‌కు హుస్సేన్ సాగర్ ఒడ్డు. ట్యాంక్‌బండ్ మీద తెలుగు వెలుగుల విగ్రహాలు నిలబెట్టింది, సాగర్ మధ్యలోకి బుద్ధుణ్ణి తేవాలని పట్టుబట్టింది ఆయనే గనక ఆ నీటి పక్క చోటు ఆయనకు సహజంగా అమరింది. చెన్నారెడ్డి సమాధి లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఇందిరా పార్కులో ఉంది. సంజీవరెడ్డి రాష్ట్రపతిగా కూడా చేసినవారు. అయినా ఆయన సమాధి బెంగళూరులో, కల్పల్లి శ్మశానంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి సమాధికి తెలుగువాడు పూలు పెట్టాలంటే రాష్ట్రం దాటాలి. ఆయన తొలి ముఖ్యమంత్రిగా పాలించిన రాజధానిలో ఆయనకొక సమాధి లేకపోవడం నాకు లోటుగానే తోస్తుంది.

ఎన్టీఆర్ ఘాట్‌తో ఒక ఆనవాయితీ కూడా స్థిరపడింది. వర్ధంతి జనవరి 18న, జయంతి మే 28న ఇంకా తెల్లారకముందే కుటుంబం వస్తుంది, ఘాట్‌ను పూలతో నింపుతారు, తర్వాత పార్టీవాళ్లు, ఆ తర్వాత జనం. రాజకీయంలో ఎవరు ఎవరితో ఉన్నారో ఆ పొద్దున ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో చూసి చెప్పుకునే రోజులొచ్చాయి.

2004 డిసెంబరు 23న పీవీ నరసింహారావు ఢిల్లీలో పోయినప్పుడు జరిగింది ఇంకా మరిచిపోలేనిది. అంత్యక్రియలు ఢిల్లీలోనే జరగాలని కుటుంబం కోరుకుంది. అది కుదరలేదు. ఒకప్పుడు తాను అధ్యక్షుడిగా ఉన్న పార్టీ కార్యాలయం, 24 అక్బర్ రోడ్డు ముందు, ఆయన భౌతికకాయం ఉన్న వాహనం ఆగింది. గేటు తెరుచుకోలేదు. అక్కణ్ణుంచి విమానంలో హైదరాబాద్ తెచ్చి, డిసెంబరు 25న సాగర్ ఒడ్డున దహనం చేశారు. ఆ చోటే పీవీ జ్ఞానభూమి. ఢిల్లీలో ఏకతాస్థల్ దగ్గర ఆయన స్మారకం 2015లో గాని రాలేదు. భారతరత్న 2024లో వచ్చింది. నెక్లెస్ రోడ్డుకు పీవీ మార్గ్ అని పేరు మార్చారు. ఢిల్లీ ఇవ్వని చోటు ఈ ఊరు ఇచ్చిందని చెప్పుకోవడానికి మనకు హక్కుంది. 2019 జులైలో కేంద్ర మాజీ మంత్రి జైపాల్ రెడ్డి పోయినప్పుడు ఆయన అంత్యక్రియలూ ఆ ఒడ్డునే జరిగాయి. ఆ చోటు ఇప్పుడు స్ఫూర్తిస్థల్.

ఇవి పెద్ద పదవుల మాట. సాగర్ ఒడ్డు వదిలి సికింద్రాబాద్ లోపలికి వస్తే లెక్క మారిపోతుంది. కార్పొరేటర్లు, బోర్డు మెంబర్లు, ఎమ్మెల్యేలు పోతే పాడె వెళ్లేది బస్తీ శ్మశానవాటికకే. మారేడ్‌పల్లి శ్మశానం సంగతే చూడండి. కంటోన్మెంట్ నుంచి అయిదుసార్లు గెలిచిన జి.సాయన్న 2023 ఫిబ్రవరి 19న పోయారు. అంత్యక్రియలకు అధికార లాంఛనాలు ఏవని అభిమానులు ఎదురు తిరిగారు. శ్మశానంలో గంటల తరబడి ఆందోళన జరిగింది. చివరికి లాంఛనాలు లేకుండానే కార్యక్రమం ముగిసింది. ఆ సీటు నుంచి అదే ఏడాది డిసెంబరులో ఆయన కూతురు లాస్య నందిత గెలిచింది. తండ్రి పోయి ఏడాది తిరిగిన నాలుగో రోజు, 2024 ఫిబ్రవరి 23న, అవుటర్ రింగ్ రోడ్డు ప్రమాదంలో ఆమె కన్నుమూసింది. ఆమెను సాగనంపింది కూడా మారేడ్‌పల్లిలోనే. ఈసారి అధికార లాంఛనాలు జరిగాయి.

తండ్రికి లేనిది కూతురికి ఎలా వచ్చిందంటే, అంతా ఆ పూట సర్కారు తీసుకునే నిర్ణయం. పోలీసుల గౌరవవందనం, గాల్లోకి తుపాకీ పేలుళ్లు ఎవరికి దక్కాలన్నది ప్రభుత్వం అప్పటికప్పుడు తేలుస్తుంది. ఎన్నిసార్లు గెలిచారు, ఏం చేశారు అన్న కొలత ముందే ఖరారై ఉంటే సాయన్న అభిమానులకు శ్మశానంలో నిలబడి కొట్లాడే గతి పట్టేది కాదు. మద్రాసులో ఇది ఇంకా ముదిరింది. 2018 ఆగస్టులో కరుణానిధికి మెరీనాలో చోటు కోసం రాత్రికి రాత్రి హైకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది.

ప్రజాగాయకుడు గద్దర్ దారి వేరు. 2023 ఆగస్టు 6న పోయిన ఆయన ఘాటూ కోరలేదు, శ్మశానమూ కోరలేదు. అల్వాల్‌లో పేదపిల్లల కోసం తాను పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే ఆయనను మట్టి చేశారు. అంతకు కొన్ని వారాల ముందే సొంత పార్టీ ప్రకటించారు గనక ఆయన్నీ రాజకీయ నాయకుల లెక్కలో వేయక తప్పదు. ఒకప్పుడు ప్రభుత్వాలు వేటాడిన మనిషికి ప్రభుత్వమే లాంఛనాలు జరిపింది. బడి పిల్లలు రోజూ ఆ సమాధి పక్కనుంచే తరగతికి పోతారు. ఈ జాబితా మొత్తంలో నా మనసుకు దగ్గరైన చోటు అదే.

మళ్లీ పాటిగడ్డకు వస్తాను. వృద్ధాప్య పింఛను ఈ రాష్ట్రంలో సంజీవయ్య హయాంలోనే మొదలైంది. నెలనెలా ఆ డబ్బు అందుకునే లక్షలమంది ముసలివాళ్లలో ఆ పేరు ఎంతమందికి తెలుసు? ఆయన పార్కులో 2016లో 291 అడుగుల ఎత్తున జెండా ఎగరేశారు. జనం దాన్ని చూడ్డానికి వస్తారు, ఫొటోలు దిగుతారు, పోతారు. సమాధి ఇటు ఉందని చెప్పే పెద్ద బోర్డు ఒకటి నెక్లెస్ రోడ్డు మీద నిలబెడితే ఎంత ఖర్చవుతుంది?

జీహెచ్‌ఎంసీకి, కంటోన్మెంట్ బోర్డుకు ఒక విన్నపం. ఘాట్లు సరే, వాటికి చూసేవాళ్లున్నారు. మారేడ్‌పల్లి లాంటి బస్తీ శ్మశానాల్లో ప్రజలు ఎన్నుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో కుటుంబాలకు, కాటికాపరులకు తప్ప ఎవరికీ తెలియదు. జాగా చాలక పాత గోరీల మీదే కొత్తవి లేస్తాయి, పేర్లు చెరిగిపోతాయి. రిజిస్టర్లలో ఉన్న పేర్లు తీసి, ప్రతి శ్మశానం గేటు దగ్గర తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఒక పలక పెట్టండి: ఎవరు, ఏ పదవి, ఏ ఏడాది. చదువరులకూ ఒక మాట. ఫిబ్రవరి 14 సంజీవయ్య జయంతి, మే 7 వర్ధంతి. ఆ రెండిట్లో ఒక రోజైనా పిల్లల్ని వెంటబెట్టుకుని పాటిగడ్డకు వెళ్లి రండి.