ఇంట్లో కరెంట్ పని మనమే చేసుకోవచ్చా? స్విచ్ వరకు ఓకే.. కొత్త లైన్ జోలికి వెళ్తేనే అసలు ముప్పు!

ఫోన్‌లో వీడియో చూశాం, చేతిలో టెస్టర్ ఉంది, గీజర్ లైన్ మనమే లాగేద్దాం అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే రెండ్రోజులు తిప్పించుకుంటాడు, పది నిమిషాల పనికి ఐదొందలు అడుగుతాడు అన్నది వాళ్ల వాదన. అందులో అబద్ధమేం లేదు. కానీ బల్బు మార్చడం వేరు, కొత్త లైన్ వేయడం వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో నిబంధనలే చెబుతున్నాయి.

రూల్ ఏమంటోంది?

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) 2010లో విద్యుత్ భద్రతా నిబంధనలు తెచ్చింది. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. వీటి ప్రకారం ఇంటి వైరింగ్ కొత్తగా వేయాలన్నా, పెంచాలన్నా, మార్చాలన్నా లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌తోనే చేయించాలి. పని చేసే వైర్‌మన్‌కూ పర్మిట్ ఉండాలి. బల్బు, ఫ్యాన్, ఫ్యూజ్, స్విచ్ లాంటివి పాడైతే అలాంటిదే ఇంకోటి బిగించుకోవడానికి మాత్రం మినహాయింపు ఉంది. అదీ లైన్ కెపాసిటీ మారనంత వరకే. అంటే 6 ఆంప్స్ సాకెట్ తీసేసి అదే వైరు మీద గీజర్ కోసం 16 ఆంప్స్ సాకెట్ పెడితే అది 'రీప్లేస్‌మెంట్' కిందికి రాదు.

నిజానికి మన ఊళ్లలో పనికొచ్చిన మనిషిని పర్మిట్ ఉందా అని అడిగేవాళ్లే తక్కువ. అడగండి, తప్పేం లేదు.

వీడియోలో నల్ల వైరు.. మన గోడలో నల్ల వైరు

సొంతంగా చేసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడే చోటు ఇదే. మన దేశంలో ఇంటి వైరింగ్‌లో ఎరుపు, పసుపు, నీలం ఫేజ్‌కి, నలుపు న్యూట్రల్‌కి, ఆకుపచ్చ ఎర్త్‌కి వాడటం ఆనవాయితీ. అమెరికా వీడియోల్లో నలుపు అంటే ఫేజ్, తెలుపు అంటే న్యూట్రల్. బ్రిటన్ వీడియోల్లో గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్. అంటే అక్కడ న్యూట్రల్ అని చూపించే నీలం వైరు మన గోడలో ఫేజ్ కావచ్చు! పైగా కొత్త మిక్సీ, ఫ్రిజ్ కార్డుల్లోనూ నీలమే న్యూట్రల్. ఇక పాత ఇళ్లలో అయితే ఆ రోజు మేస్త్రీ దగ్గర ఏ కట్ట మిగిలితే ఆ రంగే ఉంటుంది. రంగు చూసి వైరు పట్టుకోవడం అంత ప్రమాదం ఇంకోటి లేదు.

మెయిన్ ఆపేశాం కదా అంటే..

ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? అయితే మెయిన్ ఆపగానే అది ఆన్ అవుతుంది. బ్యాటరీ నుంచి వచ్చినా ఆ లైన్లో ఉండేది దాదాపు 230 వోల్టులే. కరెంట్ పోయిందనుకుని ఫ్యాన్ వైరు విప్పితే అంతే సంగతులు. ఇంకో సమస్య.. కొన్ని ఇళ్లలో స్విచ్ ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద పడి ఉంటుంది. స్విచ్ ఆపితే లైటు ఆరిపోతుంది కానీ హోల్డర్‌లో కరెంట్ అలాగే ఉంటుంది. అందుకే ముందు టెస్టర్‌ని పనిచేస్తున్న పాయింట్‌లో పెట్టి వెలుగుతుందో లేదో చూసి, ఆ తర్వాతే విప్పబోయే చోట చూడాలి. టెస్టరే పాడైతే వెలగదు, మనం కరెంట్ లేదనుకుంటాం.

ఎంసీబీ పడిపోతోందని పెద్దది పెడితే?

3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 13 ఆంప్స్ లాగుతుంది. లైట్ల కోసం వేసిన సన్న వైరు మీద దాన్ని పెడితే ఎంసీబీ పదే పదే పడిపోతుంది. అది దాని డ్యూటీ చేస్తోందన్నమాట. చాలామంది దాన్ని తీసేసి 32 ఆంప్స్‌ది బిగిస్తారు. ఇక ఎంసీబీ పడదు. వైరు మాత్రం పైపు లోపల వేడెక్కి, పైతొడుగు మెత్తబడుతుంది. పొగ బయటికి వచ్చేదాకా మనకు తెలియదు.

ఇంకో మాట.. ఎంసీబీ ఉంటే షాక్ కొట్టదనుకోవద్దు. 16 ఆంప్స్ అంటే 16 వేల మిల్లీ ఆంప్స్. మనిషి ప్రాణం పోవడానికి పదుల మిల్లీ ఆంప్స్ చాలు. షాక్ నుంచి కాపాడేది ఆర్‌సీసీబీ. ఇళ్లకు ఇది 30 మిల్లీ ఆంప్స్‌ది ఉండాలని నిబంధన. అయితే ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం అది కూడా గుర్తించలేకపోవచ్చు.

ఎర్త్ లేదని సాకెట్‌లో న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్‌కి చిన్న ముక్క కలిపే 'ట్రిక్' ఒకటుంది. దీన్ని అస్సలు నమ్మొద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే వాషింగ్ మెషీన్ బాడీ మొత్తానికి కరెంట్ వచ్చేస్తుంది. తడి చేతులతో ముట్టుకునేది దాన్నే కదా.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల సంగతి?

అమెరికాలో చాలా చోట్ల సొంతింట్లో ఓనరే పర్మిట్ తీసుకుని పని చేసుకోవచ్చు, కానీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. ఆస్ట్రేలియాలో లైసెన్స్ లేకుండా ఇంటి వైరింగ్ ముట్టుకోవడమే చట్టవిరుద్ధం. అక్కడికి వెళ్లిన కొత్తలో మన అలవాటు కొద్దీ స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

మీటర్ ముందు భాగం మనది కాదు

స్తంభం నుంచి మీటర్ దాకా ఉన్న సర్వీస్ వైరు, మీటర్ సీల్ డిస్కంల పరిధిలోవి. మీటర్‌ను కెలకడం విద్యుత్ చట్టం-2003లోని సెక్షన్ 138 కింద నేరం. అక్కడ మెరుపులు వచ్చినా, వైరు తెగి వేలాడుతున్నా 1912కి ఫోన్ చేయాలి. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపండి. ఆపకుండా మనిషిని పట్టుకోవద్దు. వెంటనే 108కి కాల్ చేయండి.

ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. మీ డిస్ట్రిబ్యూషన్ బోర్డు తెరవండి. 'టీ' అనే ఇంగ్లిష్ అక్షరంతో చిన్న బటన్ ఉన్న ఆర్‌సీసీబీ కనిపిస్తే, కరెంట్ ఉండగా ఆ బటన్ నొక్కండి. లివర్ టక్కున కిందికి పడాలి. పడకపోయినా, అసలు ఆ బటనే కనిపించకపోయినా ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.