ఎద్దు కాలి కీలు – మనుష్యుని మనస్సు



కుంటువడిన పశువు కాలిని మనుష్యుడు ఏల బాగుచేయవలెను? ప్రశ్న చిన్నది. కాని చరిత్ర నడిగినచో ఒక్కొక్క దేశము, ఒక్కొక్క కాలము వేరువేరు ప్రత్యుత్తరము లిచ్చును. వానిని బట్టి మన మనస్సులను నడిపించు ప్రేరణలు కొన్ని తెలియవచ్చును. ముందుగా మా యింటి సంగతి యొకటి విన్నవించి, పిమ్మట చరిత్రలోనికి పోయెదను.

1968 ప్రాంతమున, సిద్దిపేట ఇంకను మెదకు జిల్లాలో నుండిన కాలమున, మా యింట మల్లడను ఎద్దొకటి యుండెను. కొమురవెల్లి మల్లన్నకు మ్రొక్కుకొని కొనినది గావున దాని కా పేరు. ఏరువాక పున్నమినాడు దాని కొమ్ములకు రంగు పూసి, మా యవ్వ తన చేతులతో దానికి భక్ష్యములు తినిపించెడిది. ఒక యేడు దాని వెనుక కుడికాలు పట్టుకొనసాగెను. అడుగు తీయబోగా కాలు కఱ్ఱవలె వెనుకకు చాచుకొని, డెక్క కొన నేలను గీచుచు, ఉన్నట్లుండి కుదుపుతో ముందుకు వచ్చెడిది. కొందరు వాతలు పెట్టుమనిరి, పెట్టించితిమి. పుండ్లు మిగిలినవి గాని కుంటు పోలేదు. దుక్కికాలము దాటిపోవుచుండెను. “కుంటెద్దును కూసుండవెట్టి మేపెటందుకు మనకు గాసమేడిదిర బిడ్డా” అని మా బాపు దానిని అంగడికి తోలుకొనిపోయెను. నేనును వెంట నుంటిని. త్రాడు చేతులు మారు వేళకు బాపు అచట నిలువక, చాయ దుకాణము వైపునకు నడచిపోయెను.

ఆ వ్యాధి యేమో నాకు పదునేడేండ్లకు గాని తెలియలేదు. పశువు వెనుకకాలి మోకాటియందు, తొడయెముక కొనమీద నొక గాడి కలదు. ఆ గాడిలో మోకాలిచిప్ప క్రిందుమీదుగా జారుచుండును. చిప్పను క్రింది యెముకకు మూడు స్నాయువులు బంధించియుండును. చిప్ప మీదికి పోయి, లోపలివైపు స్నాయువు తొడయెముక గట్టుమీద కొక్కెమువలె తగులుకొనినచో కాలు ముడువరాదు. అది విడివడునప్పుడే ఆ కుదుపు. పశువైద్యుడు ఆ చోటు మాత్రము తిమ్మిరెక్కునట్లు మందెక్కించి, చర్మమును కొంచెము కోసి, ఆ లోపలి స్నాయువు నొక్కదానిని తెంచును. కొద్ది నిమిషముల పని. పెక్కు పశువులు లేచిన వెంటనే తిన్నగా నడచును. 1985లో మా పొరుగువారి బఱ్ఱెకు ఈ శస్త్రచికిత్స జరుగగా నేను కన్నులార చూచితిని. అది లేచి చక్కగా నడచిపోవుచుండగా అందరును సంతోషించిరి. నాకు మాత్రము మల్లడు జ్ఞప్తికి వచ్చెను.

ఇక చరిత్రను చూతము. మన దేశమున శాలిహోత్రుని పేర అశ్వవైద్యము, పాలకాప్యుని పేర గజవైద్యము ప్రసిద్ధములు. గుఱ్ఱము, ఏనుగు రాజునకు సేనాంగములు. కావున వాని కాలు రాజ్యమునకు కాలు. ఇది ప్రయోజనమను ప్రేరణ. కాని పాలకాప్యుని కథలో మఱియొకటియు కలదు. అంగరాజగు రోమపాదుడు ఏనుగులను పట్టించి కట్టివేయగా, వానితో కలసి పెరిగిన ఆ ముని వెదకుకొనుచు వచ్చి, వాని గాయములకు మందు పూయసాగెనట. రాజునకు అవి బలము, మునికి బంధువులు. శాస్త్రము పుట్టినది ముని నోట.

మూడవ ప్రేరణ ధర్మము. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమునాటి అశోకుని శాసనములు నేటికిని కలవు. తన రాజ్యమునను, పొరుగు రాజ్యములందును మనుష్యులకును పశువులకును చికిత్స యేర్పరచితి ననియు, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించితి ననియు రెండవ ధర్మలిపియందు ఆయన తెలిపెను. ఆ పశువు ఎవరిది, దానివలన లాభమెంత యను లెక్క అందు లేదు.

బొంబాయిలో 1834లో జంషెడ్జీ జీజీభాయి, అమీచంద్ షా అను వర్తకులు పాంజరాపోలును స్థాపించిరి. పనికిరాని పశువునకును ప్రాణమున్నంతవరకు మేత పెట్టవలెనను దయ దానికి మూలము. అంతకు ముందే, 1762లో ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున క్లోద్ బూర్జెలా పశువైద్య పాఠశాలను తెరచెను. పశువుల తెగుళ్ళవలన రైతులకు కలుగు నష్టమును మాన్పుట దాని ముఖ్యోద్దేశములలో నొకటి. ఒకచోట దయ కలదు, మఱియొకచోట విద్య కలదు.

మనుష్యుని ప్రేరణలలో మిక్కిలి బలమైన దేది? 2020లో ప్రకటింపబడిన యొక మనశ్శాస్త్ర పరిశోధనలో 27 సమాజములకు చెందిన 7 వేలకు పైబడిన జనులను ప్రశ్నించిరి. కొత్త జోడును వెదకుకొను కోరికకంటె, తనవారిని పోషించి కాపాడుకొనుటయే తమకు ముఖ్యమని అంతటను జనులు చెప్పిరి. ఇది మనకు వింత గాదు. అయితే “తనవారు” ఎవరనుటలోనే దేశదేశమునకు భేదము. ఫిన్లండు దేశపు పశువైద్యుడు పాత్సమా, కుక్క మోకాటిలో తెగిన స్నాయువునకు బదులు, దాని తొడమీది పొరనుండి తీసిన పట్టీని ఎముకలకు రంధ్రములు చేసి అమర్చు విధానమును 1952లో ప్రకటించెను. కుక్క దున్నదు, పాలియ్యదు. అయినను పాశ్చాత్యులలో ననేకులు నేడు కుక్క మోకాటికై విస్తారముగ వ్యయపెట్టుచున్నారు. వారి యింట అది యొక బిడ్డ.

మన యింటను ఎద్దు బిడ్డయే. అవ్వ తినిపించిన భక్ష్యములు అబద్ధము గావు. బాపు చాయ దుకాణము వైపునకు నడచుటయు అబద్ధము గాదు. మాకు ప్రేమ లేకపోలేదు. మందు కలదను నెఱుకయే లేదు. నేడు రాజేంద్రనగరములో నున్న పశువైద్య కళాశాల 1946లోనే స్థాపింపబడినది. మల్లని కాలు పట్టుకొనునాటికి దానికి ఇరువది రెండేండ్లు. ఆ విద్య యున్నది. మేము దానిని వెదకలేదు, ఒకరి నడుగలేదు.

నేడు ట్రాక్టరు వచ్చి పెక్కు వాకిళ్ళలో ఎద్దులు లేకపోయినవి. ప్రయోజనమను ప్రేరణ తగ్గిపోవుచున్నది. మిగిలిన నాలుగు పశువులను కాచునవి రెండే: అవి మనవను తలంపు, ఆ తలంపునకు తోడగు విద్య. కావున పెద్దలారా, మీ వాకిట బఱ్ఱెగాని ఎద్దుగాని కాలీడ్చినచో వాతలకు ఇనుము కాల్చకుడు. అంగడికి త్రాడు పేనకుడు. ముందుగా పశువైద్యునికి చూపుడు. అన్ని కుంటులును మానవు. మానునదానిని తెలియక పోగొట్టుకొనరాదు. మా యింట జరిగినది మీ యింట జరుగకుండుగాక.