పీతల బుట్ట వెనక వందేళ్ల కథ: హ్యూస్టన్ షిప్ ఛానల్

ఈ వారం ఎపిసోడ్‌లో హ్యూస్టన్ షిప్ ఛానల్ గురించి మాట్లాడాను కదా. టైం చాలక కొన్ని సంగతులు మిగిలిపోయాయి, అవి ఇక్కడ రాస్తున్నాను. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. విశాఖ కంచరపాలెంలో ఐటీఐ చేసి, ఇప్పుడు టెక్సాస్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. నాకు తెలిసింది మట్టి, నీళ్లు, కాంక్రీటు. ఆ లెక్కలోనే చెబుతాను.

మా క్రూలో ఒక తమ్ముడు ఒక ఆదివారం శాన్ జసింటో నది దగ్గరకు వెళ్లి బుట్టెడు పీతలు పట్టుకొచ్చాడు. "అన్నా, పైసా ఖర్చు లేదు, పులుసు పెడదాం" అన్నాడు. మాతో పనిచేసే మెక్సికన్ పెద్దాయన బుట్టలోకి చూసి, "హైవే బ్రిడ్జి దగ్గరవా? అక్కడ బోర్డు చూడలేదా?" అన్నాడు. పులుసు ఆగిపోయింది. మావాడికి కోపం వచ్చింది. పై నెలలో వాడి భార్య, రెండేళ్ల పాప ఇక్కడికి వస్తున్నారు. ప్రతి ఆదివారం వాళ్లకి పీతలు వండి పెట్టాలని వాడి ఆశ. ఆ బోర్డు ఎందుకు పెట్టారో వాడికి చెప్పాలనే నేను చదవడం మొదలెట్టాను.

1900 సెప్టెంబరులో తుఫాను గాల్వెస్టన్ రేవును ఊడ్చేసింది, వేలమంది పోయారు. నాలుగు నెలలకే, 1901 జనవరిలో, బ్యూమాంట్ దగ్గర స్పిండిల్‌టాప్‌లో ముడి చమురు ఎగజిమ్మింది. సముద్రపు ఒడ్డున కాకుండా లోపలికి రేవు ఉండాలన్న హ్యూస్టన్ పెద్దల వాదనకు బలం వచ్చింది. బఫెలో బాయూ అనే ఏరునీ, శాన్ జసింటో నది చివరి భాగాన్నీ తవ్వి లోతు చేశారు. 1914 నవంబరు 10న ఛానల్ తెరిచారు. పొడవు సుమారు 50 మైళ్లు. తర్వాత ఒడ్డంతా ఆయిల్ రిఫైనరీలు, రసాయనాల ప్లాంట్లు, కాగితం మిల్లు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో కృత్రిమ రబ్బరు కూడా ఇక్కడ తయారైంది.

సరుకు వెళ్లే దారే మురుగు వెళ్లే దారి అయింది. ఊరి మురుగూ అందులోకే, ఫ్యాక్టరీ నీళ్లూ అందులోకే. మన బంగాళాఖాతంలోలాగా పెద్ద పోటు అక్కడ రాదు, గల్ఫ్ పోటు అడుగో రెండడుగులో. అందుకని మురికి బయటికి కొట్టుకుపోదు, అక్కడే కూర్చుంటుంది. మురుగు కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ని తినేస్తుంది, చేప బతకదు. 1960ల నాటికి ఇది అమెరికాలోనే అతి మురికి జలమార్గాల్లో ఒకటిగా పేరుపడింది. 1972లో క్లీన్ వాటర్ చట్టం గట్టిపడ్డాక చేపలు మళ్లీ కనబడ్డాయి. అది నిజమైన గెలుపే, కాదనకూడదు.

కానీ అడుగున కూర్చున్నది పోలేదు. 1965, 66లలో పాసడీనా కాగితం మిల్లు వ్యర్థాన్ని బార్జిల మీద తెచ్చి, శాన్ జసింటో ఒడ్డున, ఇప్పటి ఐ-10 హైవే పక్కన, గుంటల్లో పోశారు. గుజ్జును క్లోరిన్‌తో తెల్లబరిచేటప్పుడు డయాక్సిన్ పుడుతుంది. అది క్యాన్సర్ తెచ్చే విషం, కొవ్వులో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇక్కడ నా పనికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. ఫ్యాక్టరీలు, ఊళ్లు భూగర్భ జలాన్ని తెగ తోడేశాయి. బంకమట్టి నీళ్లు పోయి అణిగింది, నేల దిగింది. పాసడీనా, బేటౌన్ వైపు కొన్నిచోట్ల 9 అడుగుల పైనే దిగింది. బేటౌన్‌లోని బ్రౌన్‌వుడ్ అనే కాలనీ 1983లో అలీషియా తుఫానుతో మొత్తం పోయింది. తోడకాన్ని అదుపు చేసే సంస్థ 1975లో వచ్చింది, కానీ అప్పటికే ఒడ్డున తవ్విన ఆ గుంటలు కూడా నదిలోకి దిగుతున్నాయి.

1990లోనే అధికారులు హెచ్చరిక ఇచ్చారు: ఛానల్, ఎగువ బే పీతలు, జెల్లలు నెలకు ఒక్కసారి మించి తినొద్దు. పిల్లలు, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లు అసలు తినొద్దు. గుంటలు 2008లో ఫెడరల్ సూపర్‌ఫండ్ జాబితాకెక్కాయి. 2011లో పైన బట్ట పరిచి రాళ్లు పోశారు. 2017లో హార్వీ తుఫాను దాన్ని దెబ్బతీసింది. కిలో మట్టికి 30 నానోగ్రాములు హద్దుగా పెట్టుకున్న చోట, ఒక శాంపిల్‌లో 70,000 కనిపించింది. ఆ అక్టోబరులో వ్యర్థం మొత్తం తీసేయాలని ఈపీఏ నిర్ణయించింది, అంచనా 115 మిలియన్ డాలర్లు. నిర్ణయం తర్వాత కూడా ఏళ్లు గడిచిపోయాయి.

గాలి సంగతి కూడా అంతే. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, ట్యాంకుల్లోంచి లీకయ్యే ఆవిర్లు ఎండలో కలిసి ఓజోన్ అవుతాయి. రాత్రి నేల గాలి ఆ మురికిని బే మీదికి తోస్తుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి దాన్నే తిరిగి ఊరిమీదికి తెస్తుంది. 1999లో ఓజోన్‌లో హ్యూస్టన్ లాస్ ఏంజిల్స్‌ని దాటేసింది. 2000లో శాస్త్రవేత్తలు విమానాల్లో కొలిస్తే, ఇథిలీన్, ప్రొపిలీన్ లాంటివి కంపెనీల లెక్కల్లో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు బయటికొస్తున్నాయని తేలింది. 2019 మార్చిలో డీర్ పార్క్‌లో ట్యాంకులు రోజుల తరబడి తగలబడ్డాయి. ఆ తర్వాత బెంజీన్ పెరిగి, జనాన్ని తలుపులు మూసుకుని ఇంట్లోనే ఉండమన్నారు.

చదువుతుంటే మా విశాఖే గుర్తొచ్చింది. రేవు 1933లో తెరిచారు, రిఫైనరీ 1957లో వచ్చింది, ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండ. పొగ కదలడానికి చోటు తక్కువ. 1961లో కట్టిన ఫ్యాక్టరీ చుట్టూ ఇళ్లు పెరిగాయి. 2020 మే 7న అక్కడే స్టైరీన్ లీకై 12 మంది పోయారు. ఆ ఇళ్లల్లో చాలామందికి ట్యాంకులో ఏముందో ఎవరూ చెప్పి ఉండరు.

నాకు అర్థమైంది ఇదీ. ఊరి పాత సంగతి పాతవాళ్లకి తెలుసు, కొత్తగా వచ్చినవాడికి తెలియదు. అద్దె తక్కువని ఛానల్ పక్కన ఇల్లు తీసుకునేది మనమే, ఊరికే వచ్చాయని పీతలు పట్టుకొచ్చేది మనమే. ఎంత ఉడికించినా డయాక్సిన్ పోదు. మనం ఇష్టంగా జుర్రుకునే డిప్పలోని పసుపు గుజ్జులోనే అది ఎక్కువ చేరుతుంది.

మా తమ్ముడికి ఇవన్నీ ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. మొదట నమ్మలేదు. 1990 హెచ్చరికలో పిల్లల మాట చెప్పగానే బుట్ట తీసుకెళ్లి పారేశాడు. ఇప్పుడు కొట్లో రొయ్యలు కొంటున్నాడు, రేటు చూసి తిట్టుకుంటూనే.

జుబైల్‌లో, షార్జాలో, సింగపూర్‌లో ఉన్న అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్లూ, మీరూ ఏదో ఒక రేవు పక్కనే ఉన్నారు. గాలం వేసే ముందు అక్కడి పాతవాళ్లని ఒక మాట అడగండి, బోర్డుంటే ఫోన్‌తో ఫొటో తీసి తర్జుమా చేసుకోండి. మీ ఒడ్డు సంగతి మాకూ రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాం.