ఎనోషిమాయాత్ర - సరస్వతీనామము

జపాను దేశమున సగామి యఖాతపు టుత్తరతీరమున, కటసేనదీముఖమున కెదురుగా, ఎనోషిమా యను చిన్నదీవి కలదు. దాని చుట్టుకొలత సుమారు 4 కిలోమీటర్లు. ఎత్తు సుమారు 60 మీటర్లు. ఆకాశము నిర్మలముగా నున్నపుడు పడమటిదిక్కున ఫూజీపర్వతము సముద్రముమీఁదఁ దేలుచున్నట్లు కనఁబడును. టోకియోనగరమునుండి యొక్కదినములోఁ బోయి రాఁదగిన చోటగుటచే నేఁడు దీనిని విహారస్థానమనియే పలువు రెంచుచున్నారు. ఇట్టి చోటులఁ గూర్చి విద్వాంసులలో నొక యభిప్రాయము వ్యాపించియున్నది. విహారార్థము వచ్చువారు తీర్థముయొక్క పవిత్రతను జెఱతురనియు, దానిని గాపాడువారు ఆలయాధికారులే యనియు దాని సారాంశము. ఎనోషిమాచరిత్రము ఈ యభిప్రాయమునకు బాధకముగా నున్నది. అచటి దేవత భారతీయు లారాధించు సరస్వతియే. ఆ దీవియం దామె పేరును నిలిపినవా రెవరను ప్రశ్నము విచారింపఁదగినది.

జపానీయు లీ దేవతను బెంజైతెన్ అని వ్యవహరింతురు. తెన్ అనఁగా దేవత. బెంజై యనఁగా వాక్పాటవము. సువర్ణప్రభాసోత్తమసూత్ర మను బౌద్ధగ్రంథమున సరస్వతీమహాదేవి ధర్మభాణకులకుఁ బ్రతిభానము నొసఁగుదునని ప్రతిజ్ఞ చేయును. ఆ ప్రతిభానశబ్దమునకుఁ జీనాభాషలో నేర్పడిన పర్యాయమే జపానీయుల యుచ్చారణమున బెంజై యైనది. ఈ సూత్రమును 703వ సంవత్సరమునఁ బది భాగములుగాఁ జీనాభాషలోనికిఁ బరివర్తించినవాఁడు ఇత్సింగు. నలందలోఁ జదివి, ఈ దేశమునందలి పాణినీయాధ్యయనక్రమమును గూర్చియు భర్తృహరిని గూర్చియు వ్రాసి, వైయాకరణులకుఁ జిరపరిచితుఁడైన యాత్రికుఁ డితఁడే. 741లో షోము చక్రవర్తి ప్రతిమండలమునందును ఈ సూత్రముపేర నొక బౌద్ధవిహారమును నిర్మింపవలసినదని శాసించెను. దానివలన గ్రంథముతోఁ గూడ దేవతయు దేశమంతట వ్యాపించెను.

సరస్సు గలది సరస్వతి. సకారాంతశబ్దమునకు మత్వర్థప్రత్యయము పరమగుచో భసంజ్ఞ గల్గుటచే నట రుత్వము ప్రాప్తింపదు. కనుకనే పదము సరోవతి గాక సరస్వతియై నిలిచినది. శబ్దార్థముననే జలసంబంధము గల యీ దేవతకు జపానునందును ఆలయములు తఱచుగా నీటి చెంతనే వెలసినవి. ఎనోషిమా, ఇత్సుకుషిమా, చికుబుషిమా యను మూఁడు ప్రసిద్ధస్థానములును దీవులే. మఱియు నామెను గూర్చి జపానీయులు నేఁటికిని జపించు మంత్రమున 'సొరసొబతెయెయి' అను పదమును, దానివెంట 'సోవక' అను పదమును వినఁబడును. రెండవది స్వాహాశబ్దము. స్వాహాయోగమునఁ జతుర్థి రావలెను గదా! ఆ నియమము సముద్రములు దాఁటియుఁ జెడలేదు. ఉచ్చారణ మెంత మాఱినను మొదటిపదము సరస్వత్యై యను చతుర్థ్యంతమే.

ఎనోషిమాయందు ఈ దేవత ప్రతిష్ఠను గూర్చిన స్పష్టమగు లేఖనము అజుమకగామి యను చరిత్రగ్రంథమునఁ గలదు. 1182వ సంవత్సరమున మినమోతో యోరితోమో కోరికపై మొంగాకు అను భిక్షువు అచట బెంజైతెన్‌ను బ్రతిష్ఠించెననియు, ఉత్తరదేశాధిపతియైన ఫుజివారా హిదెహిరాను జయింపవలెననుటయే యా కర్మముయొక్క ప్రయోజనమనియు నందుఁ జెప్పఁబడినది. వాగ్దేవతను యుద్ధజయార్థము గొలుచుట వింతగాఁ దోఁపవచ్చును. కాని ఇత్సింగుని పరివర్తనమున నామె యష్టభుజ; ధనుర్బాణఖడ్గాదులను ధరించినది. ఎనోషిమాయం దష్టభుజయగు విగ్రహమును, వీణాజాతికిఁ జెందిన బీవా యను వాద్యమును ధరించిన మఱియొక విగ్రహమును నేఁటికిని గలవు. ఒకటి యోధుల దేవత. రెండవది కళావిదుల దేవత. కాలక్రమమున వేఱొక మార్పును గలిగెను. బెంజై యను పేరిలోఁ బ్రతిభావాచకమగు లిపిచిహ్నమునకు బదులుగాఁ ధనవాచకమును, సమానోచ్చారణము గలదియునగు చిహ్నమును వ్రాయు నాచారము ప్రబలెను. శబ్దము మాఱకయే యర్థము మాఱినది. విద్య నిచ్చు తల్లి సంపద నిచ్చు తల్లియు నయ్యెను. వర్తకులు నామెను గొలువఁజొచ్చిరి.

మొదటఁ బడవమీఁదఁ గాని, యాటుసమయమున బయలుపడు నిసుకమేటమీఁద నడచి కాని దీవిని జేరవలసియుండెను. 1216వ సంవత్సరారంభమున సముద్రము తొలఁగి త్రోవ యేర్పడఁగాఁ బడవల యవసరము లేక జనులు నడచిపోయిరని యజుమకగామియే విశేషముగాఁ బేర్కొనుచున్నది. దైవ మనుగ్రహించి సముద్రము త్రోవ యిచ్చినదని నాఁటివారు భావించిరి.

విశేషజనసంచారము మాత్రము తొకుగావా వంశీయుల కాలమున, అనఁగా 1603 మొదలు 1868 వఱకుఁ గలిగినది. ఎదో, అనఁగా నేఁటి టోకియో, నాఁటి పాలనానగరము. ఆ కాలమున సామాన్యజనులు స్వేచ్ఛగాఁ బ్రయాణము చేయుటకు వీలు లేకుండెను. రాజమార్గములందుఁ బరీక్షాద్వారములు గలవు. వానిలో ముఖ్యమైనది 1619లో నేర్పడిన హకోనేద్వారము. సామంతుల భార్యాపుత్రులు ఎదోనగరమున శరీరబంధకముగా నుంచఁబడియుండిరి. వారు తప్పించుకొని పోకుండుటకై అచట సోదా జరుగుచుండెను. స్త్రీ యగుచోఁ బ్రత్యేకానుమతిపత్రము గావలెను, పరీక్షయుఁ గఠినము. ఎనోషిమా యన్ననో హకోనేకు ఈవల, ఎదోవైపుననే యున్నది. తొకైదో యను రాజమార్గమున నాఱవ మజిలీయగు ఫుజిసావాకుఁ బోయి, అచటి దేవతాతోరణము క్రిందుగా దక్షిణమునకు మరలి, సుమారు గంటసేపు నడచినచో సముద్రతీరము గనఁబడును. ఎదోనుండి మొత్తము దూరము సుమారు 50 కిలోమీటర్లు. మూఁడునాలుగు దినములలోఁ బోయి రావచ్చును. ద్వారము దాఁటవలసిన పనియే లేదు. స్త్రీల కిది యపూర్వమగు సదుపాయము. దీని నొసఁగినది రాజు గాదు, భూగోళస్థితి.

రెండవ సదుపాయము జనులు తమకుఁ దామే కల్పించుకొన్నది. కో అను సంఘములుగాఁ జేరి, తలకొంత ధనము కూడఁబెట్టి, చీటులు వేసి కొందఱ నెన్నుకొని, తక్కినవారి పక్షమున యాత్రకుఁ బంపుట యాకాలపు టాచారము. తనకు వంతు రానివానికిని యాత్రాఫలమునందు భాగము గలదని వారి విశ్వాసము. ఓయమా యను పర్వతదేవుని దర్శించినవారు ఎనోషిమాదేవినిఁ గూడ దర్శింపకున్నచో యాత్ర సగమే యగునని చెప్పుకొనుచుండిరి. మూఁడవ సదుపాయము ఆలయమువారి యాతిథ్యము. దీవి యంతయు నపుడు బౌద్ధాలయాధికారమునఁ గలదు. ఇవామొతొయిన్ మొదలగు మఠములు యాత్రికులకు బసయు భోజనమును సమకూర్చి, పూజలు చేయించుచుండెను. కాశీగయాదులందలి తీర్థపురోహితుల పద్ధతి యిచటఁ దలఁపునకు వచ్చును. ఆ మఠము నేఁటికిని వసతిగృహముగా నున్నది.

నాలుగవ సదుపాయము మిక్కిలి మనోహరమైనది. సుగియమా వాయిచి (1610-1694) యను నంధుఁడు సూదివైద్యము నేర్వఁబోయి, చేతకాక, ఎనోషిమాగుహలో నుపవాసముండి దేవిని బ్రార్థించెను. మరలివచ్చుచు నొకఱాతికిఁ దగిలి పడఁగాఁ గాలికి గ్రుచ్చుకొన్నదానిని దడవి చూచెననియు, అది యాకుగొట్టములోఁ జిక్కిన దేవదారుసూది యనియు, అందుండియే సన్నని గొట్టముద్వారా సూదిని జొనుపు పద్ధతి యాతనికి స్ఫురించెననియు నైతిహ్యము. ఐతిహ్యమెట్లున్నను ఆ పద్ధతి జపానువైద్యమునఁ బ్రసిద్ధమై నేఁటికిని నిలిచియున్నది. వాయిచి పిమ్మట సునయోషి యను ప్రభువునకు వైద్యుఁడయ్యెను. కృతజ్ఞతతో ఫుజిసావానుండి దీవి వఱకుఁ గల త్రోవపొడవున శిలాస్తంభములను నిలిపించెను. వానిపై మార్గసూచనయే కాక, సకలప్రాణులకును ఇహపరములందు సుఖము గలుగవలెనను నాశీర్వచనమును జెక్కఁబడినది. త్రోవ చూపించు ఱాయి బాటసారిని దీవించుట యెంతయు నుదారము. కన్నులు లేనివాఁడు కన్నులున్నవారికి దారి చూపెను. ఆ స్తంభములలోఁ గొన్ని నేఁటికిని నిలిచియున్నవి. దేవియనుగ్రహమునకై యంధులగు వైద్యులును గాయకులును ఈ త్రోవను విశేషముగాఁ బోవుచుండిరి. చిత్రకారుఁడగు హిరోషిగే ఫుజిసావామజిలీని జిత్రించునపుడు తోరణముచెంత నంధులను జూపుటకు నిదియే కారణము.

ఆఱేండ్ల కొకమాఱు, సర్పవత్సరమునందును వరాహవత్సరమునందును, ఆలయమున విశేషదర్శన ముండెడిది. 1850 ప్రాంతమున హిరోషిగే రచించిన మూఁడుపలకల చిత్రమున నీ దర్శనమునకుఁ బోవు స్త్రీసమూహము కానవచ్చును. వారు వేర్వేఱు గానసంప్రదాయములకుఁ జెందిన శిష్యురాండ్రు. ఆ యా సంప్రదాయపు గుఱుతు గల గొడుగులను బట్టుకొని గుంపులుగా నడచుచున్నారు. హొకుసాయి 1830 తరువాతి యేండ్లలోఁ బ్రకటించిన ఫూజీదృశ్యములలో నొకదానియందు ఇసుకదారిమీఁద దీవికి నడచు జనులు గలరు. ఈ స్త్రీలు భక్తికై వచ్చిరా, సముద్రముఁ జూడ వచ్చిరా యని విభజించుట యసాధ్యము. కళ నర్థించుటయు, గాలి పీల్చుటయు, చేపలకూరలు రుచి చూచుటయు వారికొక్కటియే యాత్ర. పరీక్షాద్వారముల కాలమున నింటిగడప దాఁటుటకు దేవి పేరొక యనుమతిపత్రమువలె నుపకరించెను.

1868లో నూతనప్రభుత్వము షింటోదేవతలను బౌద్ధదేవతలనుండి వేఱుచేయవలసినదని యాజ్ఞాపించెను. దానిచే శతాబ్దముల బౌద్ధాలయము షింటోదేవళమయ్యెను. అధికారికముగా నర్చింపఁబడువారు సముద్రదేవతలగు మువ్వురు సోదరీమణులు. వారి మూఁడాలయములును నేఁడు కొండపై వరుసగా నున్నవి. బెంజైతెన్ విదేశమునుండి బౌద్ధముతో వచ్చిన దేవత యగుటచే శాసనదృష్టి నామెకుఁ బ్రధానపీఠమున స్థానము లేకపోయెను. ఇట నాలయమువారిని దూషించుట న్యాయము గాదు. వారు ప్రభుత్వాజ్ఞకు లోఁబడిరి, విగ్రహముల నశింపనీయలేదు. రెండు విగ్రహములు నేఁడు అష్టకోణమందిరమున దర్శన మిచ్చుచున్నవి. కాని పేరు నిలుచుటకు విగ్రహ ముండుట చాలదు, పిలుచువా రుండవలెను. యాత్రికులు మాత్రము పూర్వమువలెనే బెంతెన్ దర్శనమునకుఁ బోవుచున్నామనిరి. వంతెన మొదట 1891లోఁ గట్టఁబడినది. నేఁడు కాలినడకఁ బోవువారి వంతెనపేరు ఎనోషిమా బెంతెన్‌బషీ, అనఁగా సరస్వతీసేతువు. శాసనము గర్భాలయమునుండి తొలఁగించిన పేరును జనవ్యవహారము వంతెనమీఁద నిలిపినది.

తరువాతి కాలమున యాత్రికుల రీతి మాఱెను. 1877 వేసవిలో ఎడ్వర్డ్ మోర్స్ అను నమెరికా జంతుశాస్త్రజ్ఞుఁడు సముద్రజీవులను బరిశోధించుటకై దీవియం దొక చిన్న పరిశోధనశాలను నెలకొల్పెను. 1902లో ఫుజిసావానుండి కటసే వఱకు ఎనోదెన్ అను విద్యుద్రైలుమార్గము తెఱవఁబడి, 1910 నాఁటికిఁ గామాకురా చేరెను. పది కిలోమీటర్ల పొడవు, పదునైదు స్టేషనులు గల యా రైలు కొంతదూరము సముద్రపుటొడ్డుననే పోవును. దినమంతయు నెన్నిమాఱులైనను ఎక్కి దిగుటకు వీలైన యొకదినపుఁ జీటి యాత్రికులకు లభించును. దానిని జూపినవారికిఁ గొన్ని ప్రదర్శనస్థలములందు రుసుము తగ్గింపఁబడును. మెట్లెక్కఁజాలనివారికై 1959లో నెక్కుటకు మాత్రమే యుపకరించు కదలుమెట్లు నిర్మింపఁబడెను. ఱాళ్లు పడుటచే 1971లో మూయఁబడిన గుహలు 1993లో మరలఁ దెఱవఁబడినవి. పూర్వపు సంఘధనము, మఠపుబస, శిలాస్తంభము, నేఁటి యొకదినపుఁ జీటి యనునవి యొక్క వంశవృక్షపుఁ గొమ్మలే.

విహారయాత్రకు జపానుభాషలోఁ గల కంకో యను పదము నిచట స్మరింపఁదగును. దాని యవయవార్థము వెలుఁగును జూచుట. చీనీయుల ప్రాచీనగ్రంథమగు యీచింగులో రాజ్యముయొక్క వెలుఁగును దర్శించుటయు, రాజునకు నతిథియై మన్ననఁ బొందుటయు నొక్కచోటనే చెప్పఁబడినవి. ఆ సందర్భమునుండియే యీ పదము పుట్టెను. చూచువాఁ డతిథి, అతిథికిఁ జేయు నుపచారము చూపువాని ధర్మము. కావున యాత్రికునికిఁ గల్పించు సౌకర్యములు వర్తకపుఁ బన్నుగడలు మాత్రమే కావు. పదార్థమునందే యవి యిమిడియున్నవి.

దీనివలనఁ దేలిన దేమనఁగా: యోధులు జయమునకును, వర్తకులు ధనమునకును, అంధులు విద్యకును, స్త్రీలు గానమునకును ఆ దీవిని దర్శించిరి, నేఁటివారు సముద్రముఁ జూడఁ బోవుచున్నారు. కోరికలు మాఱినవి, లిపిచిహ్నము మాఱినది, ఆలయపుమతమును మాఱినది. పిలుపు మాఱలేదు. ప్రయోగమున నిలిచిన శబ్దమునే శాస్త్రము సాధించును గాని, ప్రయోగము లేని శబ్దమును శాస్త్రము బ్రతికింపఁజాలదని వైయాకరణు లెఱుఁగుదురు. దేవతానామమునకును అదియే న్యాయము. ఒకదినపుఁ జీటితో వచ్చి, సరస్వతీసేతువు దాఁటి, సాయంకాలమునకు మరలిపోవు యాత్రికుఁడు తా నెఱుఁగకయే యా ప్రయోగమును గాపాడుచున్నాఁడు.