నల్లగా పుట్టే తెల్ల గుర్రాలు

ఆస్ట్రియాలోని పీబర్ అశ్వశాలలో పుట్టే గుర్రప్పిల్ల ఒళ్లు బొగ్గు రంగులోనో, మట్టి రంగులోనో ఉంటుంది. వియన్నా స్పానిష్ రైడింగ్ స్కూల్లో షాండిలియర్ల కింద సంగీతానికి అడుగు కలిపే పాలనురుగు లాంటి లిపిజ్జానర్ ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. ఆ నలుపు విరిగి తెల్లబడటానికి ఆరు నుంచి పదేళ్లు పడుతుంది. అంతకుముందు తల్లి కడుపులో పదకొండు నెలలు. నాలుగో ఏడు వచ్చాకే పోతుగుర్రం వియన్నా చేరుతుంది, ఆపైన మరో ఆరేళ్లకు తక్కువ కాకుండా శిక్షణ. పాడిగేదె సంగతి ఈనిన వారానికే చెంబు చెప్పేస్తుంది. ఇలా లయగా అడుగులేసే విద్య, అంటే డ్రెస్సాజ్, నేర్చే గుర్రం విషయంలో ఏ పోతును ఏ ఆడగుర్రానికి కలిపామన్నది ఒప్పో తప్పో తేలేసరికి పదేళ్లు దాటిపోతాయి. ఈలోగా యుద్ధమొస్తే?

వచ్చింది. ఒకసారి కాదు.

1580లో హాబ్స్‌బర్గ్ ఆర్చ్‌డ్యూక్ రెండో చార్లెస్, నేటి స్లొవేనియాలోని లిపిత్సాలో స్పెయిన్ గుర్రాలతో ఈ పెంపకం మొదలుపెట్టాడు. ఆ ఊరి పేరే జాతి పేరైంది. 1797లో నెపోలియన్ సైన్యం దగ్గరపడితే సుమారు 300 గుర్రాలను, చూడి గుర్రాలతో సహా, హంగరీకి నడిపించారు. తిరిగొచ్చి కుదురుకునేలోగా 1805లో ఒకసారి, 1809లో మరోసారి వలస. ఇంత తిరుగుడులోనూ ఆరు పోతుగుర్రాల వంశాలు చెదరకుండా నిలిచాయి. డెన్మార్క్ రాజశాల నుంచి వచ్చిన ప్లూటో ఒకటైతే, అరబ్బీ రక్తం తెచ్చిన సిగ్లావీ ఇంకొకటి. పేరు పెట్టే పద్ధతి మనకు బాగా అర్థమవుతుంది. తండ్రి వంశం పేరు మన ఇంటిపేరులా ముందు, తల్లి పేరు వెనక: నియాపొలిటానో ఆఫ్రికా.

మొదటి ప్రపంచయుద్ధంతో సామ్రాజ్యం కూలింది. అన్నదమ్ముల ఆస్తిలా గుర్రాలనూ పంచుకున్నారు. ఇటలీకి 109, ఆస్ట్రియాకు 97. ఆస్ట్రియా వాటా 1920లో పీబర్ చేరింది. రెండో యుద్ధంలో నాజీలు ఆస్ట్రియా, ఇటలీ, యుగొస్లావియా పెంపకపు గుర్రాలను బొహీమియాలోని హోస్టావ్‌కు తోలారు. జాతిలో చాలా భాగాన్ని ఒకే దొడ్డిలో కట్టేశారన్నమాట. పెంపకందారుడు కలలోనైనా చేయని పని అది. 1945 ఏప్రిల్ కల్లా సోవియట్ సేనలు దగ్గరకొచ్చాయి. ఆకలిగొన్న సైన్యానికి గుర్రమంటే మాంసమే. అక్కడి జర్మన్ అధికారులే శత్రువైన అమెరికన్లకు కబురు పంపి, లొంగిపోతాం, గుర్రాలను కాపాడమన్నారు. ఏప్రిల్ 28న కర్నల్ చార్లెస్ రీడ్ దళం హోస్టావ్‌ను చేజిక్కించుకుంది.

వియన్నా పోతులు అప్పటికే సాంక్ట్ మార్టిన్ అనే ఊళ్లో తలదాచుకుంటున్నాయి. మే 7న స్కూలు అధిపతి అలోయిస్ పొధాయ్‌స్కీ అమెరికన్ జనరల్ ప్యాటన్ ముందు వాటితో ప్రదర్శన చేయించి, వీటిని కాపాడమని కోరాడు. పొధాయ్‌స్కీ 1936 బెర్లిన్ ఒలింపిక్స్ డ్రెస్సాజ్‌లో కాంస్యం గెలిచినవాడు, ప్యాటన్ 1912 ఒలింపిక్స్ ఆధునిక పెంటాథ్లాన్‌లో పోటీపడ్డవాడు. ప్యాటన్ సరేనన్నాడు. అయినా స్కూలు వియన్నాకు తిరిగి చేరడానికి 1955 దాకా ఆగాల్సి వచ్చింది. పురిటిల్లు లిపిత్సాకు దక్కినవి పదకొండే గుర్రాలు. సినిమాకెక్కిన ఈ సాహసగాథలో ఆ పదకొండు ఎవరికీ గుర్తుండవు.

తుపాకులు ఆగాక కూడా కష్టాలు ఆగలేదు. 1983లో పీబర్‌లో వైరస్ సోకి 40 గుర్రాలు పోయాయి. గర్భం నిలిచి పిల్ల దక్కే వాటా 27 శాతమే ఉండేది. కొత్త పశువైద్య కేంద్రం వచ్చాక, 1994 నాటికి అది 82 శాతానికి ఎగబాకింది. నా దృష్టిలో హోస్టావ్ సాహసం కన్నా ఇది తక్కువదేం కాదు, కాకపోతే దీని మీద ఎవరూ సినిమా తీయరు. క్రొయేషియాలోని లిపిక్ అశ్వశాల కథ మరోటి. 1991 యుద్ధంలో సెర్బియాకు తరలిపోయిన దాని గుర్రాలు 2007లో గానీ ఇల్లు చేరలేదు. చిన్నప్పుడు వెళ్లినవి వయసు మళ్లి వచ్చాయి.

నేటి ఒలింపిక్స్ డ్రెస్సాజ్‌లో పొడవాటి కాళ్ల జర్మన్, డచ్ గుర్రాలదే రాజ్యం. పొట్టిగా, గట్టిగా ఉండే లిపిజ్జానర్‌కు అక్కడ పతకాలు అరుదు. దాని గొప్పతనం వెనక కాళ్ల మీద లేచి నిలబడే లెవాడ్‌లో, గాల్లోకి ఎగిరి వెనక కాళ్లు విదిల్చే కాప్రియోల్‌లో ఉంది. అవి ఒలింపిక్స్ పరీక్షలో లేనేలేవు.

ఎప్పుడో ఒకసారి ఏ పిల్లో తెల్లబడకుండా ముదురు గోధుమ రంగులోనే ఉండిపోతుంది. లెక్క ప్రకారం అది తప్పిన గురి. వియన్నా శాలలో మాత్రం అలాంటి పోతును ఒకదాన్ని పట్టుబట్టి ఉంచుకుంటారు, శుభమని.