అర్జీ మళ్లీ తాసీల్దారు చేతికే

ఈ మధ్య నాకు వచ్చే ఫోన్లలో ఒక షికాయత్ ఎక్కువగా వినిపిస్తోంది. బెజవాడ బట్టల షాపులో నిలబడే కుర్రాడైనా, గుడివాడలో ఫైనాన్స్ కంపెనీ వసూళ్లకు తిరిగే పిల్లాడైనా, హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయైనా చెప్పేది ఒకటే. "భాయ్, మేనేజర్ అందరి ముందూ నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. ఏం చేయాలి?" ఇంట్లో అమ్మీ, అబ్బా ఇచ్చే జవాబూ ఒకటే. "నౌకరీ హై బేటా, సబర్ కరో."

సబర్ మంచిదే. కాదనే ధైర్యం నాకెక్కడిది? కానీ ఒక సంగతి గమనించారా? హజ్రత్ అనస్ (రజి.) పదేళ్లు ప్రవక్త (స) ఖిద్మత్‌లో ఉన్నారనీ, ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా ఆయనతో 'ఉఫ్' అనిపించుకోలేదనీ హదీస్ ఉంది. మన బయానుల్లో దాన్ని నౌకర్లకు వినిపిస్తారు, 'చూడండి, ఎంత బాగా ఖిద్మత్ చేశారో' అని. వినాల్సింది మాలిక్ కదా!

నేను తారీఖ్ చదువుకునే మనిషిని, మేనేజర్ ముందు ఎలా మాట్లాడాలో నేర్పే ఉస్తాద్‌ని కాను. అయితే ఈ సవాల్ మన మొవ్వ, కూచిపూడి, బందరు ప్రాంతానికి కొత్తది కాదు. పైవాడు కిందివాడి ఇజ్జత్ తీస్తే కిందివాడు ఎవరి దగ్గరికి వెళ్లాలి? దీని వెనక నాలుగైదు వందల ఏళ్ల కహానీ ఉంది.

ముందు ఆఫీసు జబాన్ చూద్దాం. తెలుగు కచేరీలో సగం మాటలు మన ఇంటివే. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి ఈ మాటల ప్రయాణం నాకు భలే సరదా. తాఖీదు అంటే తాకీద్, గట్టిగా చెప్పడం. సంజాయిషీ అంటే సమ్‌ఝాయిష్. ఉర్దూలో అది నచ్చజెప్పడం, పెద్దవాడు చిన్నవాడికి మెల్లగా అర్థం చేయించడం. తెలుగు కచేరీలోకి వచ్చేసరికి తలకిందులైంది. కిందివాడు పైవాడికి ఇచ్చుకునేది సంజాయిషీ అయింది, అదీ మూడు రోజుల్లోగా! రాజీనామా ఉర్దూలో సుల్హ్ కాగితం, ఇద్దరూ రాజీ పడ్డారని రాసుకునేది. ఉద్యోగం వదలడాన్ని మనం ఇస్తీఫా అంటాం. రైత్వారీ రోజుల్లో శిస్తు కట్టలేని రైతు 'ఈ భూమి నాకొద్దు' అని కలెక్టర్‌కి రాసిచ్చే కాగితం పేరు రాజీనామా. రాజీ ఎక్కడుంది అందులో?

అన్నిటికన్నా నన్ను ఆపేసే మాట ఫిర్యాదు. ఫర్యాద్ అంటే మొర, గొంతు చించుకుని అరవడం. ఆ అరుపు తెలుగులో కాగితమైంది. కాగితం ఎవరి బల్ల మీద పడుతుందన్నదే అసలు సంగతి.

1614కి వెళ్దాం. అప్పుడు గోల్కొండ తఖ్త్ మీద సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా ఉన్నాడు. బందరు ఆ సల్తనత్‌కి పెద్ద రేవు. పరగణాల హుకూమత్‌ను ఏటా వేలం వేసేవారు. ఎక్కువ పాడినవాడిదే అధికారం. పాడిన సొమ్ము కిస్తుల ప్రకారం ఖజానాకు చేరాలి. ఆ సంవత్సరం బందరు హాకిమ్‌గా ఉన్న ఒక బ్రాహ్మణుడు సొమ్ము కట్టలేకపోయాడు. వీపు మీద, అరికాళ్ల మీద, పొట్ట మీద బెత్తాలతో కొట్టారు. చచ్చిపోయేదాకా కొట్టారు. 1618 నుంచి 1622 వరకు బందరులో ఇంగ్లీష్ కంపెనీ తరఫున ఉన్న విలియం మెథ్‌వోల్డ్ ఈ సంగతి రాసిపెట్టాడు.

చార్మినార్ కట్టిన ఖాందాన్ మీద నాకు ముహబ్బత్ ఉంది. తెలుగు కవులను ఆదరించిన మల్కిభరాముడి కథలు చెప్పుకుంటాం, కూచిపూడిని తానాషా అగ్రహారంగా ఇచ్చాడని అక్కడివాళ్లు చెప్పే మాటకి మురిసిపోతాం. మురవాల్సిందే. కానీ జుల్మ్ మనవాళ్ల హుకూమత్‌లో జరిగింది కదా అని దాచిపెడితే తారీఖ్ చదవడం దేనికి?

ఆ హాకిమ్ కూడా అమాయకుడేం కాదు. తాను పాడిన సొమ్ము రాబట్టుకోవడానికి కింద చిన్న ముక్కలుగా ఇజారాకు ఇచ్చేవాడు. వాళ్లు ఇంకా కిందికి ఇచ్చేవాళ్లు. చివర రైతు. గోల్కొండలో ఊపిన బెత్తం మెట్టు మెట్టుగా దిగి మొవ్వ పొలంలో నాగలి పట్టినవాడి వీపు మీద ఆగేది. మెథ్‌వోల్డ్ కూడా ఈ వరసనే చూసి, చివరివాడి కష్టానికి జాలిపడ్డాడు. ఇప్పుడు నెలాఖరులో టార్గెట్ కాలేదని రీజనల్ మేనేజర్ బ్రాంచ్ మేనేజర్‌ని ఫోన్‌లో దులిపేస్తాడు. వాడు ఫోన్ పెట్టేసి వసూళ్ల పిల్లాణ్ణి పిలుస్తాడు. ఆ పిల్లాడు సాయంత్రం పేటలో ఏ బీదరాలి గుమ్మం ముందో నిలబడి అదే జబాన్ వాడతాడు. తిట్టు ఎవరి సొంతమూ కాదు, చేతులు మారుతుంటుంది. తిట్టినవాడికి అది మాఫీ అని నేననడం లేదు.

ఇక ఫర్యాద్ సంగతి. మొవ్వ అనగానే క్షేత్రయ్య గుర్తొస్తాడు. అదే మండలంలోని కూచిపూడి భాగవతుల గురించి క్షేత్రయ్య కన్నా ముందు కాలపు కథ ఒకటుంది. దాన్ని చెప్పేది మాచుపల్లి కైఫియత్. కైఫియత్ అంటే హాలత్, ఊరి పరిస్థితి. కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన రికార్డులకు ఆ పేరు నిలిచిపోయింది. విజయనగరంలో వీరనరసింహరాయలు ఏలుతున్న రోజులు, అంటే 16వ శతాబ్దం మొదట్లో. కడప వైపు సిద్ధవటాన్ని సమ్మెట గురవరాజు అనేవాడు ఏలేవాడు. సొమ్ము రాబట్టడానికి ఆడవాళ్లను చిత్రహింస పెట్టించేవాడు. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు అది చూశారు. వాళ్లు అక్కడ నోరెత్తలేదు. ఎత్తితే ఏమయ్యేదో తెలుసు. మెల్లగా ఊరు దాటి విద్యానగరం చేరారు. రాయలవారి ముందు ఆట ఆడే హుకుం దొరికింది. ఒకడు గురవరాజు వేషం కట్టాడు, ఒకరు ఆడవేషం, ఇంకొందరు బంట్రోతుల వేషం. కళ్లతో చూసింది చూసినట్టు ఆడేశారు. 'ఇదేం ఆట' అని రాజు ఆరా తీశాడు. ఫౌజ్‌ను పంపి గురవరాజును పట్టి తెప్పించి ప్రాణం తీయించాడని కైఫియత్ చెబుతుంది.

వేషం కట్టడంలోని హునర్‌ను అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం వాళ్లు నడిచిన దారి ఎక్కువ నచ్చుతుంది. ఫర్యాద్‌ను గురవరాజు కచేరీలో ఇవ్వలేదు. గురవరాజు మనుషుల చేతి మీదుగా పంపలేదు. మధ్యలో ఎవరూ లేకుండా, కాదనలేని విధంగా, దర్బార్ నిండా గవాహులు ఉండగా పైవాడి కళ్ల ముందు పెట్టారు.

ఈ చిక్కు మన ఉలమాకీ తెలుసు. బగ్దాద్ అబ్బాసీల కాలంలో దీవాన్-ఎ-మజాలిమ్ ఉండేది. అధికారుల జుల్మ్ మీద విచారణ చేసే కచేరీ అది. 1058లో వఫాత్ అయిన ఖాజీ అల్ మావర్దీ తన 'అల్ అహ్కామ్ అస్సుల్తానియా'లో దాని పనులు లెక్కపెట్టాడు. అధికారులు ప్రజల మీద చేసే జుల్మ్, పన్ను వసూళ్లలో అన్యాయం, దఫ్తర్ గుమస్తాల తప్పుడు రాతలు, ఈ మూడింటి మీద ఎవరూ ఫర్యాద్ చేయకపోయినా విచారణ జరపాలన్నాడు. ఎందుకో వేరే చెప్పాలా? భయపడ్డవాడు రాడు. జీతం కోసినా, ఆలస్యం చేసినా నౌకర్లు వచ్చి చెప్పుకోవచ్చని నాలుగో పనిగా రాశాడు. వెయ్యేళ్ల కిందటి మాట! అన్ని కాలాల్లో అది అమలైందని అనుకోకండి, కానీ రాసుకున్నారు.

కుంఫిణీ కాలానికి వస్తే కథ మళ్లీ మన ఇలాకాకే వస్తుంది. 19వ శతాబ్దం మధ్యలో బందరు కేంద్రంగా మచిలీపట్నం జిల్లా ఉండేది. కృష్ణా జిల్లా అనే పేరు 1859లో వచ్చింది. అంతా మద్రాసు ప్రెసిడెన్సీ కిందే. జిల్లాకి ఒక దొర, ఆయన కింద శిరస్తాదారు, తాసీల్దార్లు, వాళ్ల కింద జవాన్లు, బంట్రోతులు. శిస్తు వసూలు వాళ్ల చేతుల్లోనే, పోలీసు అధికారమూ వాళ్ల చేతుల్లోనే.

మద్రాసులో గాజుల లక్ష్మీనరసు చెట్టి అనే తెలుగు వర్తకుడు ఉండేవాడు. 1844లో 'క్రెసెంట్' అనే పత్రిక పెట్టాడు. హిందూ షావుకారు పత్రికకి హిలాల్ పేరు! జర్నలిస్టుగా నాకు ఆయనంటే చాలా ఇజ్జత్. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ ఏర్పాటులోనూ ఆయన ముందున్నాడు. శిస్తు కోసం రైతుల్ని హింసిస్తున్నారని పార్లమెంటుకు అర్జీలు వెళ్లాయి. 1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు మెంబరు మద్రాసు వస్తే, చెట్టి ఆయన్ని ఊళ్లకు తీసుకెళ్లి చూపించాడు. మరుసటి ఏడాది లండన్‌లో బహస్ జరిగింది. కుంఫిణీ సర్కార్‌కి తప్పలేదు, ముగ్గురితో కమిషన్ వేసింది. 1855లో రిపోర్టు వచ్చింది. అదే టార్చర్ కమిషన్ రిపోర్టు. రెండేళ్ల తర్వాత న్యూయార్క్ పత్రికలో కార్ల్ మార్క్స్ దాని మీద వ్యాసం రాశాడు.

రిపోర్టులోని హింసల ఫెహరిస్త్ చదువుతుంటే కొట్టడం కన్నా ఇజ్జత్ తీయడమే ఎక్కువ కనిపిస్తుంది. కిట్టితో నొక్కడం, మెడ వంచి తాడుతో కట్టడం ఉన్నాయి. వాటి పక్కనే ఎండలో నిలబెట్టడం, అన్నానికి వెళ్లనివ్వకపోవడం, చెవులు మెలిపెట్టడం, ఇద్దరి జుట్టూ కలిపి ముడివేయడం, మెడలో ఎముకల దండ వేయడం ఉన్నాయి. బకాయిదారు ఇంటి మీద బంట్రోతును కూర్చోబెట్టి, ఆ బంట్రోతు బత్తెం కూడా అతని దగ్గరే వసూలు చేసేవారు. ఊరు చూస్తుండగా జరగాలి, అదే మక్సద్. ఇప్పుడు ఒక్కణ్ణి గదిలోకి పిలిచి చెప్పగలిగింది వాట్సాప్ గ్రూపులో పెట్టి అందరికీ చూపించే మేనేజర్‌కి ఈ హునర్ ఎవరూ నేర్పక్కర్లేదు.

కమిషన్‌కి చేరిన ఫిర్యాదులు 1,959. స్వయంగా వచ్చినవాళ్లే ఐదు వందల పైచిలుకు. కొందరు వందల మైళ్లు ప్రయాణం చేసి వచ్చారు. జిల్లాలో కలెక్టర్ ఉండగా అంత దూరం ఎందుకు? దీనికి కమిషన్ చెప్పిన జవాబే నా ఈ వ్యాసానికి కారణం. హింస ఉందన్న సంగతి కన్నా, బాధపడ్డవాడికి ఇన్సాఫ్ దొరికే దారి లేదన్న సంగతి తమను ఎక్కువ కలచివేసిందని కమిషనర్లు రాశారు. రైతు కూలి మానుకుని, దారిఖర్చు పెట్టుకుని కలెక్టర్ కచేరీకి వెళ్తాడు. అర్జీ రాయించి ఇస్తాడు. దొర ఏం చేస్తాడు? దాని మీద ఒక ముక్క రాసి, 'విచారించవలెను' అన్నట్టు తాసీల్దారుకి పంపిస్తాడు. ఏ తాసీల్దారు మీద అర్జీ పెట్టాడో ఆ తాసీల్దారుకే! ఇక ఆ రైతు ఊళ్లో ఎలా బతకాలి?

ఒక్క చోట నాకు రిపోర్టుతో పేచీ ఉంది. తప్పంతా దేశీ నౌకర్లదేననీ, తెల్ల దొరలకు ఈ పాపం అంటదనీ అది చెబుతుంది. శిస్తు ఇంత రావాలని పట్టుబట్టింది ఎవరు? రాకపోతే తాసీల్దారుని నిలదీసింది ఎవరు? 1614 నాటి వరసే ఇక్కడా ఉంది. పైమెట్టు మీదున్నవాడు తన చేతులు చూసి, శుభ్రంగానే ఉన్నాయనుకున్నాడు.

అయినా ఫలితం దక్కకపోలేదు. శిస్తు వసూలునూ పోలీసునూ ఒకే చేతిలో ఉంచకూడదన్న మాట బలపడింది. 1859 చట్టంతో మద్రాసులో పోలీసు శాఖ విడిగా ఏర్పడింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 330వ సెక్షన్‌లో ఉదాహరణలు ఇస్తూ, బకాయి కోసం రైతును హింసించే రెవెన్యూ అధికారినీ అందులో పెట్టారు. వకీలు చదువు చదివిన మన పిల్లలు ఆ ముక్క చూసే ఉంటారు.

అందుకే ఫోన్ చేసే పిల్లల్ని నేను ముందు అడిగేది 'నువ్వేం జవాబిచ్చావు' అని కాదు. నీ అర్జీ ఎవరు చదువుతారు బేటా? హెచ్ఆర్‌కి మెయిల్ పెడితే అది 'మీ అభిప్రాయం తెలపండి' అని అదే మేనేజర్‌కి వెళ్తుందా? అతని మాట కాదనగలవాడు ఒక్కడైనా చదువుతాడా? పని చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టం ఈ గుట్టు కొంత గ్రహించింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలనీ, దానికి ఒక మహిళ పెద్దగా ఉండాలనీ, బయటి మనిషి ఒకరు ఉండాలనీ పెట్టింది. ఆ బయటి మనిషి విలువ బందరు రైతుని అడగాలి. మామూలు తిట్లకు అలాంటి కమిటీ లేదు. అక్కడ తారీఖు, టైము, విన్నవాళ్ల పేర్లు రాసిపెట్టుకోవడం, నలుగురూ కలిసి ఒకే కాగితం మీద సంతకం చేయడం, మేనేజర్ పైవాడికి నేరుగా చేర్చడం, ఇవే దారులు. ఒంటరి అర్జీని వెనక్కి పంపినంత తేలిక కాదు నలుగురి అర్జీని పంపడం.

దూరం ఎందుకు, 2006లో మన కృష్ణా జిల్లాలోనే జరిగింది. సూక్ష్మరుణాల వసూళ్లలో జబర్దస్తీ ఎక్కువైందని ఆడవాళ్లు మొరపెట్టుకున్నారు. ఆ మొర విన్నది కంపెనీల బ్రాంచ్ మేనేజర్లు కాదు, జిల్లా అధికారులు. యాభై దాకా శాఖలు మూతపడ్డాయి. 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికీ వర్తించేలా ఆర్డినెన్స్ వచ్చింది. వసూళ్లకు తిరిగిన కుర్రాళ్లలో ఎందరి నౌకరీలు పోయాయో, వాళ్లను నెలాఖరుకల్లా తరిమినవాళ్లు ఏ కుర్సీల్లోకి మారారో, ఆ లెక్క ఏ ఫైల్‌లోనూ నాకు కనిపించలేదు.